లైపోసక్షన్ ఆపరేషన్: రోగులు తరచుగా అడిగే ప్రశ్నలు

లైపోసక్షన్ అంటే ఏమిటి? ఏయే భాగాల్లో చేస్తారు?

చర్మానికీ, దాని అడుగున ఉండే కండరానికీ మధ్య పరుచుకుని ఉన్న కొవ్వు పొరలోకి సన్నటి లోహపు గొట్టాన్ని పంపి, దానికి తగిలించిన యంత్రం సాయంతో కొవ్వును పీల్చి బయటికి తీయడాన్ని లైపోసక్షన్ అంటారు. ఆ గొట్టం పేరు కాన్యులా. దాని మొన పదునుగా కాక మొద్దుగా ఉంటుంది; మొనకు దగ్గరగా పక్కల చిన్న రంధ్రాలు ఉంటాయి, కొవ్వు వాటిలోంచే లోపలికి వెళ్తుంది. పొట్ట, నడుము పక్కలు, తొడలు, వీపు, చేతుల పైభాగం, మోకాళ్ల లోపలి వైపు, గడ్డం కింది భాగం దీనికి ఎక్కువగా ఎంచుకునే చోట్లు. ఇది అందం కోసం మాత్రమే చేసేది కాదు. లైపోమా అనే కొవ్వు గడ్డలు తీయడానికీ, కాళ్లలో నొప్పితో కూడిన కొవ్వు పేరుకునే లిపిడీమా అనే జబ్బుకూ, మగవారిలో రొమ్ములు పెరిగే గైనకోమాస్టియాకూ ఇదే పద్ధతిని వాడతారు.

దీనితో బరువు తగ్గవచ్చా?

తగ్గరు. ఆపరేషన్ గురించి ఎన్ని విషయాలు తెలుసుకున్నా, ఈ ఒక్కటి మనసుకు ఎక్కకపోతే తర్వాత నిరాశ తప్పదు. లైపోసక్షన్ ఒంటి ఆకృతిని సరిచేసేది, స్థూలకాయానికి చికిత్స కాదు. ఆపరేషన్‌లో బయటికి వచ్చేదంతా కొవ్వే కాదు, అందులో ముందుగా లోపలికి ఎక్కించిన ద్రవం కూడా కలిసి ఉంటుంది. పైగా లీటరు కొవ్వు బరువు కిలో కంటే తక్కువే. అందువల్ల సీసాలో నిండిన మొత్తాన్ని చూసి అన్ని కిలోలు తగ్గామని లెక్కవేసుకోకూడదు. ఆపరేషన్ తర్వాత మొదటి కొద్ది రోజుల్లో వాపు, ఒంట్లో నిలిచిన నీరు కారణంగా కాటా మీద అంకె పెరిగి కనిపించడమూ మామూలే.

మధుమేహమో రక్తపోటో అదుపులోకి వస్తుందన్న ఆశతో కూడా కొందరు వస్తారు. 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో, స్థూలకాయం ఉన్న 15 మంది స్త్రీలకు పొట్ట భాగం నుంచి చాలా ఎక్కువ కొవ్వును తీసి, 10 నుంచి 12 వారాల తర్వాత పరీక్షించారు. ఇన్సులిన్ పనితీరులో గానీ, రక్తపోటులో గానీ, కొలెస్టరాల్‌లో గానీ చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. ఆహారం తగ్గించి, వ్యాయామం చేసి బరువు తగ్గినప్పుడు ఒంటికి కలిగే మేలు, అదే కొవ్వును గొట్టంతో పీల్చినంత మాత్రాన కలగదు.

మరి పొట్ట ఎత్తుగా ఉన్నవారికి ఎంతవరకు ఉపయోగపడుతుంది?

పొట్టలో కొవ్వు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి చర్మం కింద, రెండోది కండరాల గోడకు లోపల, పేగుల చుట్టూ. లైపోసక్షన్ చేరగలిగేది మొదటి దాన్ని మాత్రమే. మీ పొట్టలో ఏది ఎక్కువో ఇంట్లోనే కొంతవరకు తెలుసుకోవచ్చు. నిటారుగా నిలబడి, పొట్ట కండరాలను బిగబట్టి, బొడ్డు పక్కన చర్మాన్ని బొటనవేలికీ మిగిలిన వేళ్లకీ మధ్య మడతగా పట్టుకోండి. ఆ మడత మందంగా, మెత్తగా చేతికి దొరికితే అది తీయగలిగిన కొవ్వు. పొట్ట బాగా ఎత్తుగా ఉండి కూడా మడత పలచగానే దొరికి, కింద గట్టిగా తగిలితే ఎత్తుకు కారణం చాలావరకు లోపలి కొవ్వు. అలాంటి పొట్ట ఆహార నియమంతోనూ వ్యాయామంతోనూ మాత్రమే తగ్గుతుంది. వైద్యులు కూడా పరీక్ష గదిలో మొదట చేసేది దాదాపు ఇదే. కాన్పుల తర్వాత పొట్ట కండరాలు వదులై ముందుకు వచ్చినవారిలో ఆ వదులును లైపోసక్షన్ బిగించలేదు; దానికి వేరే ఆపరేషన్ కావాలి.

ఎవరికి ఇది తగినది? ఎవరికి తగదు?

బరువు కొన్ని నెలలుగా నిలకడగా ఉండి, ఎత్తుతో పోల్చి బరువును చూపే బీఎమ్ఐ అనే కొలత 30 కంటే తక్కువగా ఉండి, చర్మంలో సాగే గుణం బాగా ఉండి, వ్యాయామం చేస్తున్నా ఒకటి రెండు చోట్ల మొండిగా నిలిచిపోయిన కొవ్వు ఉన్నవారికి ఫలితం బాగుంటుంది. గుండె జబ్బు, అదుపులో లేని మధుమేహం, రక్తం గడ్డకట్టడంలో లోపాలు, గతంలో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారి విషయంలో వైద్యులు చాలా జాగ్రత్త పడతారు. తరచుగా వద్దనే చెబుతారు. గర్భిణులకు చేయరు. త్వరలో గర్భం ధరించాలనుకునేవారు కాన్పు అయ్యేదాకా ఆగడం మేలు, ఎందుకంటే గర్భం వల్ల పొట్ట ఆకారం మళ్లీ మారిపోతుంది.

వయసుకు గట్టి పరిమితి లేదు, చర్మం నాణ్యతే ముఖ్యం. అయితే, ఎదుటివారి కంటికి ఆనని లోపాన్ని పెద్దదిగా ఊహించుకుని రోజంతా దాని గురించే బాధపడేవారికి ఏ ఆపరేషన్ తృప్తినివ్వదు. అలాంటివారిని ముందుగా మానసిక వైద్యుల వద్దకు పంపే సర్జన్ నిజంగా రోగి మేలు కోరేవారని మా అభిప్రాయం.

మొదటిసారి కలిసినప్పుడు సర్జన్‌కు ఏమేం చెప్పాలి?

వాడుతున్న ప్రతి మందూ చెప్పాలి. మందుల షాపులో చీటీ లేకుండా కొన్నవి, మూలికలతో చేసినవి, విటమిన్ మాత్రలు కూడా అందులోకే వస్తాయి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు, విటమిన్ ఇ, చేప నూనె క్యాప్సూల్స్ రక్తస్రావాన్ని పెంచగలవు. గర్భనిరోధక మాత్రలు, ఈస్ట్రోజెన్ ఉన్న ఇతర మందులు సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచుతాయి. రోగులు సాధారణంగా ఊహించని సంగతి ఇంకొకటి ఉంది. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు, ఫంగస్‌కు వాడే కొన్ని మాత్రలు, కొన్ని రకాల యాంటీబయాటిక్స్, ఈ ఆపరేషన్‌లో పెద్ద మోతాదులో వాడే లిడోకైన్ అనే మత్తుమందును కాలేయం విడగొట్టే వేగాన్ని తగ్గిస్తాయి. అప్పుడు మామూలుగా సురక్షితమైన మోతాదు కూడా విషంలా పనిచేయవచ్చు. ఏ మందును ఎప్పుడు ఆపాలో సర్జనే, అవసరమైతే ఆ మందు రాసిన వైద్యునితో మాట్లాడి, నిర్ణయించాలి. గుండెకు వాడే ఆస్పిరిన్ వంటివాటిని మీ అంతట మీరు మానేయడం ఆపరేషన్ కంటే ప్రమాదకరం కావచ్చు.

పొట్టకు గతంలో ఆపరేషన్ జరిగినా, దగ్గినప్పుడు ఎక్కడైనా ఉబ్బినట్లు అనిపించినా తప్పక చెప్పండి. పొట్ట గోడలో బలహీనమైన చోటి నుంచి లోపలి భాగం ఉబికి వచ్చే హెర్నియా గుర్తించకుండా ఉంటే కాన్యులా దాని గుండా పేగుకు తగిలే ముప్పు ఉంది. అనుమానం ఉంటే ముందుగా స్కానింగ్ చేయిస్తారు.

ఆపరేషన్‌కు ముందు ఎలా సిద్ధం కావాలి?

పొగ తాగేవారు కనీసం 4 వారాల ముందే మానేయాలి, ఆపరేషన్ తర్వాత కూడా కొన్ని వారాలు దూరంగా ఉండాలి. నికోటిన్ చర్మానికి రక్తం తీసుకువెళ్లే సన్నటి నాళాలను కుంచింపజేస్తుంది కాబట్టి గాయం మానడం ఆలస్యమవుతుంది, కొన్నిసార్లు చర్మం దెబ్బతింటుంది కూడా. రక్తపరీక్షలు, రక్తం గడ్డకట్టే సమయం, చక్కెర, కాలేయ పరీక్షలు, అవసరాన్ని బట్టి ఈసీజీ చేయిస్తారు. పూర్తి మత్తు ఇచ్చేటట్లయితే ఘనాహారం 6 గంటల ముందు, నీళ్లు 2 గంటల ముందు ఆపమని సాధారణంగా చెబుతారు. మీ మత్తు వైద్యులు చెప్పిన గడువే మీకు వర్తిస్తుంది.

ఇంట్లో కొన్ని ఏర్పాట్లు ముందే చేసుకోవాలి. తోడుగా ఒకరు ఉండాలి, మొదటి రాత్రి ఒంటరిగా ఉండకూడదు. పరుపు మీద పాలిథిన్ షీటు, దాని పైన పాత దుప్పటి పరచుకోండి. ఎందుకో కింద చదువుతారు. ముందు బొత్తాలున్న వదులైన చొక్కా, నాడా ఉన్న వదులు పైజామా వంటివి తెచ్చుకుంటే ఇంటికి వెళ్లేటప్పుడు ఒళ్లు వంచే పని తప్పుతుంది.

ఆపరేషన్ రోజు ఉదయం ఏం జరుగుతుంది?

ముందుగా ఫోటోలు తీస్తారు. తర్వాత మిమ్మల్ని నిలబెట్టి, సర్జన్ మార్కర్ పెన్నుతో ఒంటి మీద గీతలు గీస్తారు. పడుకున్నప్పుడు కొవ్వు పక్కలకు జారిపోయి అసలు ఆకారం కనిపించదు, అందుకే ఈ గీతలు నిలబడి ఉన్నప్పుడే వేయాలి. ఎక్కువ తీయాల్సిన చోట వలయాలు, ముట్టకూడని చోట అడ్డగీతలు, గాట్లు పెట్టే చోట చిన్న గుర్తులు కనిపిస్తాయి. చాలామందికి ఆ కొద్ది నిమిషాలు ఇబ్బందిగా ఉంటుంది. అయినా అద్దం అడిగి చూసుకోండి. మిమ్మల్ని బాధపెట్టే చోటు ఆ వలయంలో లేకపోతే అడగడానికి అదే సరైన సమయం, అదే చివరి సమయం కూడా.

ఏ రకమైన మత్తు ఇస్తారు?

గడ్డం కింద వంటి చిన్న భాగానికి అక్కడి వరకు తిమ్మిరెక్కించే లోకల్ మత్తు చాలు. కొంచెం పెద్ద భాగానికి దానితో పాటు నిద్రమత్తు కలిగించే మందును సిర ద్వారా ఇస్తారు. ఒకేసారి పలు భాగాలు చేసేటప్పుడు, లేదా ఎక్కువ కొవ్వు తీసేటప్పుడు పూర్తి మత్తు అవసరమవుతుంది. లోకల్ మత్తులో మెలకువగా ఉన్నవారికి నొప్పి తెలియకపోయినా లోపల ఏదో కదులుతున్నట్లు, తోస్తున్నట్లు తెలుస్తూనే ఉంటుంది, యంత్రం చప్పుడు కూడా వినిపిస్తుంది. అది భరించలేమనుకునేవారు ముందే చెబితే నిద్రమత్తు ఏర్పాటు చేస్తారు.

ఆపరేషన్ థియేటర్‌లో వరుసగా ఏం చేస్తారు?

చర్మాన్ని క్రిమినాశిని మందుతో తుడిచి, గుర్తు పెట్టిన చోట్ల 3 నుంచి 5 మిల్లీమీటర్ల గాట్లు పెడతారు. వాటిలోంచి ముందుగా లోపలికి ద్రవం ఎక్కిస్తారు. ఇది సెలైన్ వంటి ద్రవంలో లిడోకైన్, అడ్రినలిన్ కలిపిన మిశ్రమం. అడ్రినలిన్ పాలు చాలా తక్కువ, సాధారణంగా లీటరుకు ఒక మిల్లీగ్రాము ఉంటుంది. అంత కొద్ది మోతాదు కూడా రక్తనాళాలను బాగా కుంచింపజేస్తుంది. ద్రవం నిండేకొద్దీ ఆ భాగం ఉబ్బి, గట్టిపడి, చర్మం తెల్లగా పాలిపోతుంది. అలా పాలిపోయేదాకా, దాదాపు 15 నుంచి 20 నిమిషాలు, సర్జన్ ఆగుతారు. ఈ నిరీక్షణను తొందరపడి తగ్గించకూడదు, రక్తస్రావం తగ్గేది దీని వల్లనే.

ఆ తర్వాత కాన్యులాను ముందుకూ వెనక్కూ ఆడిస్తూ, ఒక గాటు నుంచి వెళ్లిన దారులకు అడ్డంగా మరో గాటు నుంచి దారులు వేస్తూ కొవ్వును కొద్దికొద్దిగా తీస్తారు. సర్జన్ ఒక చేయి గొట్టాన్ని నడిపిస్తుంటే రెండో చేయి చర్మం మీద ఆనించి ఉంటుంది. మొన ఎక్కడుందో, ఎంత లోతులో ఉందో ఆ అరచేతికే తెలుస్తుంది. గొట్టంలోంచి మొదట పసుపుపచ్చని కొవ్వు వస్తుంది, రంగు ఎర్రబడటం మొదలైతే ఆ చోట ఆపేస్తారు. చర్మం కింద పలచటి కొవ్వు పొరను కావాలనే వదిలేస్తారు, దాన్నీ తీసేస్తే చర్మం కండరానికి అతుక్కుని గుంటలు పడుతుంది. మధ్యమధ్య చర్మాన్ని వేళ్ల మధ్య పట్టి రెండు వైపులా మందం సమానంగా ఉందో లేదో చూస్తారు. ఒళ్లు చల్లబడకుండా ద్రవాన్ని గోరువెచ్చగా చేసి ఎక్కించడం, వెచ్చని గాలి నింపే దుప్పట్లు కప్పడం, కాళ్లలో రక్తం నిలిచిపోకుండా పిక్కలకు గాలితో బిగిసి వదిలే తొడుగులు వేయడం కూడా ఇందులో భాగమే. భాగాల సంఖ్యను బట్టి మొత్తం పనికి ఒక గంట నుంచి నాలుగు గంటల వరకు పట్టవచ్చు.

ఈ పద్ధతి ఎంతకాలంగా ఉంది?

1920లలో ఫ్రాన్స్‌లో ఒక నర్తకి కాలి కొవ్వును గీకి తీయబోతే కాలు కుళ్లి తీసేయవలసి వచ్చింది. దాంతో ఆ ఆలోచన చాలాకాలం మూలపడింది. 1970లలో ఇటలీకి చెందిన అర్పద్ ఫిషర్, జార్జియో ఫిషర్ అనే తండ్రీకొడుకులు గొట్టంతో పీల్చే పద్ధతిని రూపొందించారు. ఆ దశాబ్దంలోనే ఫ్రాన్స్‌లో ఇవ్-జెరార్ ఇలూజ్ మొద్దు మొన కాన్యులాతో దాన్ని మెరుగుపరిచారు. అయినా రక్తస్రావం పెద్ద అడ్డంకిగా మిగిలింది. ద్రవం ఎక్కించకుండా చేసిన రోజుల్లో బయటికి వచ్చినదానిలో 20 నుంచి 45 శాతం దాకా రక్తమే ఉండేది. 1980లలో అమెరికాకు చెందిన చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ పైన చెప్పిన ద్రవం పద్ధతిని ప్రవేశపెట్టిన తర్వాత అది సుమారు ఒక శాతానికి పడిపోయింది.

లేజర్, అల్ట్రాసౌండ్ పద్ధతులు మామూలు పద్ధతి కంటే మంచివా?

ప్రకటనలు చూస్తే అలాగే అనిపిస్తుంది. అల్ట్రాసౌండ్ పద్ధతిలో ధ్వని తరంగాలు కొవ్వును ముందుగా వదులు చేస్తాయి. లేజర్ పద్ధతిలో వేడి ఆ పని చేస్తుంది. మరో రకంలో కాన్యులా మొన మోటారుతో వేగంగా కంపిస్తుంది. వీపు, మగవారి ఛాతీ వంటి గట్టి చోట్ల, రెండోసారి చేసేటప్పుడు ఇవి సర్జన్ శ్రమను తగ్గిస్తాయి. వేడి పుట్టించే పద్ధతుల్లో చర్మం కాలే ప్రమాదం అదనంగా ఉంటుంది. ఫలితం యంత్రం కంటే దాన్ని పట్టుకున్న చేతి అనుభవం మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

ఒకేసారి ఎంత కొవ్వు తీయవచ్చు?

ద్రవంతో కలిపి 5 లీటర్లు దాటితే దాన్ని భారీ లైపోసక్షన్‌గా లెక్కించి, అన్ని వసతులున్న ఆసుపత్రిలో చేసి, కనీసం ఆ రాత్రి పర్యవేక్షణలో ఉంచాలని నిపుణులు చెబుతారు. తీసే మొత్తం పెరిగేకొద్దీ ఒంట్లోని నీరు, లవణాల సమతూకం దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. "ఎలాగూ మత్తు ఇస్తున్నారు, అన్నీ ఒకేసారి తీసేయండి" అని అడగడం సహజమే. దానికి కాదని చెప్పి రెండు విడతలుగా చేద్దామన్న సర్జన్ మాట వినండి.

ఆపరేషన్ తర్వాత మొదటి రెండు రోజులు ఎలా ఉంటాయి?

ఇంటికి వెళ్లాక రోగులను ఎక్కువగా భయపెట్టేవి నిజానికి మామూలుగా జరిగే విషయాలే. అవి ముందుగా తెలియకపోవడం వల్లనే భయం. మొదటిది ద్రవం కారడం. లోపలికి ఎక్కించిన ద్రవంలో కొంత మిగిలి ఉంటుంది. అది తేలిగ్గా బయటికి పోవాలని చాలామంది సర్జన్లు గాట్లను కుట్టకుండా గానీ, వదులుగా కుట్టి గానీ వదిలేస్తారు. దాంతో 24 నుంచి 48 గంటల వరకు గులాబీ రంగు నీరు కారుతూ కట్లు, దుస్తులు, పక్క తడిసిపోతాయి. చూడటానికి రక్తంలా ఉన్నా అందులో ఎక్కువ భాగం ఆ ద్రవమే. పరుపు మీద పాలిథిన్ షీటు వేసుకోమన్నది ఇందుకే. ముదురు ఎరుపు రక్తం ఆగకుండా కారితే మాత్రం వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి.

రెండోది, బిగుతు దుస్తును మొదటిసారి విప్పినప్పుడు కళ్లు తిరగడం. అంతవరకు బిగించి ఉన్న ఒత్తిడి ఒక్కసారిగా పోవడంతో రక్తపోటు తగ్గి కొందరు సొమ్మసిల్లుతారు. అందువల్ల మంచం మీద పడుకుని, పక్కన ఒకరు ఉండగా, నెమ్మదిగా విప్పాలి. స్నానాల గదిలో నిలబడి ఒంటరిగా విప్పకూడదు.

మూడోది చాలామంది సిగ్గుపడి అడగనిది. పొట్టకు చేయించుకున్నవారిలో రెండు మూడు రోజుల్లో జననాంగాల దగ్గర వాపు, నలుపెక్కిన కమిలిన రంగు కనిపించవచ్చు. ద్రవం కిందికి జారడం వల్ల జరిగే మార్పు ఇది, సాధారణంగా కొద్ది రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది.

నొప్పి ఎంత ఉంటుంది?

బాగా అలవాటు లేని వ్యాయామం చేసిన మర్నాడు ఒళ్లు పట్టేసినట్లుండే నొప్పిలా, దానికి కొంచెం మంట కలిసినట్లు ఉంటుంది. లోపలి మందు ప్రభావం ఉన్నంతసేపు అంతగా తెలియదు, అది తగ్గాక రెండు మూడు రోజులు ఎక్కువగా ఉండి, తర్వాత తగ్గుముఖం పడుతుంది. వైద్యులు రాసిన మాత్రలే వాడాలి. ఒక చోట మాత్రమే నొప్పి రోజురోజుకూ పెరుగుతుంటే అది మామూలు కాదు.

బిగుతు దుస్తు ఎన్నాళ్లు వేసుకోవాలి?

సాధారణంగా 4 నుంచి 6 వారాలు. మొదటి వారాల్లో స్నానానికి తప్ప రాత్రింబవళ్లు ఉంచమంటారు, తర్వాత గంటలు తగ్గిస్తారు. వాపు తగ్గడానికీ, చర్మం కొత్త ఆకారానికి అతుక్కోవడానికీ అది తోడ్పడుతుంది. మరీ బిగుతైనది మంచిదనుకోవడం పొరపాటు. మడతలు పడి ఒక గీతలా నొక్కితే చర్మం మీద ఆ గీత గుంటగా మిగిలిపోవచ్చు, కాలి సిరల్లో రక్తప్రవాహం కూడా అడ్డుపడవచ్చు. వేళ్లు తిమ్మిరెక్కినా, ఊపిరి పీల్చడం ఇబ్బందైనా సైజు మార్చమని అడగాలి.

తగ్గుదల ఎప్పుడు కనిపిస్తుంది?

మొదటి వారంలో అద్దంలో చూసుకుని బాధపడని రోగి అరుదు. వాపు మొదటి రోజుల్లో పెరుగుతుంది, కాబట్టి ఆపరేషన్‌కు ముందున్న దానికంటే ఆ భాగం లావుగా కనిపించవచ్చు. కమిలిన మచ్చలు నీలం, ఆకుపచ్చ, పసుపు రంగుల్లోకి మారుతూ రెండు వారాల్లో చాలావరకు పోతాయి. వాపులో ఎక్కువ భాగం 4 నుంచి 6 వారాల్లో తగ్గిపోతుంది. చివరి ఆకారం తేలడానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది.

అప్పటిదాకా చర్మం కింద గడ్డల్లా, తాళ్లలా గట్టిగా తగలడం, కొన్ని చోట్ల స్పర్శ మొద్దుబారడం, మరికొన్ని చోట్ల దురద, చురుక్కుమనడం ఉంటాయి. నరాల సన్నటి కొసలు కోలుకుంటున్నప్పుడు ఇలా జరుగుతుంది. స్పర్శ పూర్తిగా రావడానికి కొన్ని నెలలు పట్టవచ్చు. మొద్దుబారిన చర్మం మీద వేడి నీళ్ల సంచి, ఐస్ ముక్క పెట్టకండి. కాలినా తెలియదు.

నడక, ఉద్యోగం, వ్యాయామం ఎప్పటి నుంచి?

నడక ఆ రోజే మొదలుపెట్టాలి. ఇంట్లోనే, నెమ్మదిగా, కొద్ది నిమిషాలు నడిచినా కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది. విశ్రాంతి పేరుతో రోజంతా మంచానికే అతుక్కోవడం హాని చేస్తుంది. కూర్చుని చేసే ఉద్యోగానికి చాలామంది కొద్ది రోజుల నుంచి వారంలోపు వెళ్లగలుగుతారు, శ్రమతో కూడిన పనికి ఇంకా సమయం పడుతుంది. బరువులు ఎత్తడం, పరుగు, జిమ్ వ్యాయామాలకు 4 నుంచి 6 వారాలు ఆగాలి. గాట్లు పూర్తిగా మానేదాకా తొట్టి స్నానం, ఈత వద్దు.

ప్రమాదాలు ఏమిటి? ఏ లక్షణాలు కనిపిస్తే ఆగకూడదు?

చిన్న ఆపరేషన్ అన్న పేరు వచ్చినా, ప్రాణాపాయం పూర్తిగా లేనిది కాదు. అమెరికాలో ప్లాస్టిక్ సర్జన్లను అడిగి 2000లో ప్రచురించిన ఒక సర్వేలో లక్ష ఆపరేషన్లకు సుమారు 19 మరణాలు నమోదయ్యాయి. వాటికి ప్రధాన కారణం కాలి సిరల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి చేరడం. ఆ తర్వాత పద్ధతులు మెరుగుపడ్డాయి. అయినా కారణాలు అవే.

ఎక్కువగా ఎదురయ్యేవి ప్రాణాంతకం కానివి: చర్మం ఎగుడుదిగుడుగా ఉండటం, రెండు వైపులా తేడా, చర్మం కింద నీరు చేరడం, రంగు మారడం. చేరిన నీటిని సూదితో తీస్తారు. అరుదైనవి మాత్రం తీవ్రమైనవి. ఇన్ఫెక్షన్, చర్మం చచ్చుబడటం, కాన్యులా పేగుకు గుచ్చుకోవడం, కొవ్వు కణికలు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరడం, ఒంట్లో నీరు ఎక్కువై ఊపిరితిత్తుల్లో నిండటం, లిడోకైన్ రక్తంలో ఎక్కువై విషంలా పనిచేయడం వీటిలో కొన్ని. లిడోకైన్ విషయంలో గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, కొవ్వులో నిలిచిన మందు నెమ్మదిగా రక్తంలోకి వస్తుంది కాబట్టి దాని స్థాయి ఆపరేషన్ ముగిసిన చాలా గంటల తర్వాత, తరచుగా 10 గంటలు దాటాక, పతాకస్థాయికి చేరుతుంది. అంటే మీరు ఇంట్లో నిద్రపోతున్న సమయం. మొదటి రాత్రి తోడు ఉండాలనడానికి ఇదే బలమైన కారణం.

పెదవులు, నాలుక తిమ్మిరెక్కడం, నోట్లో లోహపు రుచి, చెవుల్లో హోరు, మాట తడబడటం, విపరీతమైన మగత, ఆయాసం, ఛాతీలో నొప్పి, ఒక పిక్కలో వాపు, నొప్పి, గందరగోళంగా మాట్లాడటం, ఒంటి మీద సన్నటి ఎర్రని చుక్కలు, చలితో జ్వరం, గాయం చుట్టూ వేగంగా పాకుతున్న ఎరుపు, అక్కడ భరించలేని నొప్పి, పొట్ట గట్టిపడి వాంతులు కావడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా చూద్దామనుకోకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి. అక్కడి వైద్యులకు లైపోసక్షన్ జరిగిందనీ, ఎప్పుడు జరిగిందనీ మొదటి మాటగానే చెప్పాలి.

తీసిన కొవ్వు మళ్లీ వస్తుందా?

తీసేసిన కొవ్వు కణాలు తిరిగి రావు. కానీ అన్ని కణాలనూ తీయరు, మిగిలినవి పెరగగలవు. బరువు పెరిగితే ఆపరేషన్ జరిగిన చోట కొంచెం తక్కువగా, మిగతా చోట్ల ఎక్కువగా కొవ్వు చేరవచ్చు. బరువు నిలకడగా ఉంచుకున్నవారిలో ఆకారం ఏళ్ల తరబడి నిలుస్తుంది.

వదులు చర్మం, సాగిన గీతలు, తొడల మీద గుంటలు పోతాయా?

పోవు. సాగిన గీతలూ, సెల్యులైట్ అనే గుంటలూ లైపోసక్షన్‌తో తగ్గవు. వదులు చర్మం కొన్నిసార్లు ఇంకా వేలాడవచ్చు. అలాంటివారికి అదనపు చర్మాన్ని కోసి తీసే ఆపరేషన్ సరిపోతుంది, దాని మచ్చ పొడవుగా ఉంటుంది.

తీసిన కొవ్వును ఇంకో చోట నింపవచ్చా?

శుద్ధి చేసి ముఖం, రొమ్ములు వంటి చోట్ల నింపుతారు, అందులో కొంత భాగం ఒంట్లో ఇంకిపోతుంది. పిరుదుల్లో నింపడం మాత్రం అందం కోసం చేసే ఆపరేషన్లలో అత్యంత ప్రమాదకరమైనవాటిలో ఒకటి. కొవ్వు కండరంలోకి వెళితే అక్కడి పెద్ద సిరల ద్వారా నేరుగా గుండెకూ ఊపిరితిత్తులకూ చేరి ప్రాణం తీయగలదు. దాన్ని లైపోసక్షన్‌కు చిన్న అనుబంధంగా ఎవరైనా చెబితే ఒప్పుకోకండి.

సర్జన్‌ను ఏమడగాలి?

ప్లాస్టిక్ సర్జరీలో ఏ శిక్షణ పొందారు, ఈ ఆపరేషన్ స్వయంగా ఎవరు చేస్తారు, మత్తు వైద్యులు ఆపరేషన్ మొత్తం పక్కనే ఉంటారా, పరిస్థితి విషమిస్తే ఏ ఆసుపత్రికి తరలిస్తారు, రాత్రి ఫోన్ చేస్తే ఎవరు పలుకుతారు అని అడగండి. ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట ఆపరేషన్ చేయించుకోకపోవడమే మంచిది.

ఫలితం ఎగుడుదిగుడుగా వస్తే సరిచేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు, కానీ కనీసం 6 నెలలు ఆగాలి. అంతకంటే ముందు కనిపించే ఎత్తుపల్లాల్లో చాలావరకు వాపు, గట్టిదనమే. అవి తగ్గితే సరిచేయవలసిన అవసరమే రాకపోవచ్చు. నిజంగా మిగిలిపోయిన ఎత్తును మళ్లీ పీల్చవచ్చు, పల్లాన్ని మరో చోటి కొవ్వుతో నింపవచ్చు. రెండోసారి లోపల మచ్చ కట్టిన కణజాలం ఉంటుంది కాబట్టి పని కష్టమవుతుంది, ఫలితం మొదటిసారి అంత సాఫీగా రాకపోవచ్చు. సరిదిద్దే ఆపరేషన్‌కు ఖర్చు ఎవరు భరిస్తారన్నది మొదటి ఆపరేషన్‌కు ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.